కోవిడు రోగులయందు కాలేయబాధ



ఆరోగ్యవిషయమై నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము గోరినారు. విద్యార్థివసతిగృహమును గూర్చియు, దాని నిధిని గూర్చియు పెద్దలు చెప్పనున్నారు. మేము వైద్యవృత్తిలో నున్నవారము గావున, మాకు దెలిసిన యొక సంగతిని మాత్రము విన్నవించెదము.

కోవిడన్నంతనే అందరికిని ఊపిరితిత్తులే జ్ఞప్తికి వచ్చును. అది న్యాయమే. కాని ఆసుపత్రులలో జేరినవారి రక్తమును పరీక్షింపగా పెక్కుమందికి కాలేయమునకు గూడ బాధ కలిగినట్లు కనబడెను. 2020లో వెలువడిన చైనా దేశపు తొలి నివేదికలలో, చేరినవారియందు నూటికి 14 మొదలు 53 మంది వరకు కాలేయపు ఎంజైములు హెచ్చియుండెను. మన పరీక్షాపత్రములలో ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. యని వ్రాయబడునవి యివియే. కాలేయకణములు దెబ్బతినినప్పుడు వానిలోని పదార్థము రక్తములోనికి జారును, దానినే కొలుతురు. చాలమందికి ఈ హెచ్చు స్వల్పమే, జ్వరముతోబాటు తగ్గిపోవును.

కారణ మొక్కటి కాదు. వైరసు కణములలో జొరబడుటకు వలయు ఏస్-2 అను పదార్థము పిత్తనాళములయందును గలదు గాన, వైరసే కాలేయమును దాకునని కొందరు తలచిరి. అంతకంటె బలమైన కారణములును గలవు. ప్రాణవాయువు చాలకపోవుట, రక్తపుపోటు పడిపోవుట, రోగముతో బోరాడుచు దేహమే రేపుకొను తాపము. వీనికి దోడు మందులు. రెమ్‌డెసివిర్ వలన ఎంజైములు హెచ్చవచ్చును. పారాసిటమాలు పెద్దలకు దినమునకు 4 గ్రాములు మించరాదు; జ్వరపు బిళ్ళయందును జలుబు బిళ్ళయందును అదియే యుండవచ్చునని యెరుగక రెండును మ్రింగువారు కలరు.

మా యింటి సంగతి చెప్పెదము. 2021 మే నెలలో మా మేనమామగారు ఆసుపత్రిలో జేరిరి. నాలుగవనాటికి ఎంజైములు ఎనిమిది రెట్లయ్యెను. వైద్యులు ఒక మందు నాపిరి, పిదప వేరొకటి నాపిరి. మేమును వారితో వాదించితిమి. ఆరవనాడు అత్తగారు ఫ్లాస్కు మూత తీయగా చేదువాసన కొట్టెను. రెండు నెలలుగా పూటపూటకు తిప్పతీగ కషాయము! ఆసుపత్రిలోను మానలేదు. అది మందని ఆమె యెంచలేదు. కావున ఎవ్వరికిని జెప్పలేదు. వైద్యులమై యుండియు మేమడుగలేదు. ఆ తప్పు మాది. మానిపించిన కొన్ని వారములకు అంకెలు సరిపడెను. కషాయమే కారణమని ప్రమాణము చేయజాలము, జ్వరమును తగ్గినది గదా. మామగారు ఈ సభలోనే యున్నారు. వారి యనుమతితోనే చెప్పుచున్నాము.

అయినను ఇది మా యింటి వింత కాదు. 2020 చివరి నెలలలో ముంబయిలో తిప్పతీగ సేవించినవారు ఆరుగురికి కాలేయవ్యాధి కలిగెనని అచటి వైద్యులు 2021లో ప్రకటించిరి. అది వేరొక జాతి తీగ కావచ్చునని ఆయుష్ మంత్రిత్వశాఖ ఆక్షేపించెను. ఆ వివాద మట్లుండనిండు. మన పెరటిగోడమీది తీగ ఏ జాతిదో మనలో నెందరికి దెలియును?

ఆసుపత్రికి బోవునప్పుడు రోగి మ్రింగినదెల్ల, త్రాగినదెల్ల ఒక కాగితముమీద వ్రాసికొనిపొండు. మద్యమును గూడ వ్రాయుడు. ఈ విషయమున మన కుటుంబములలో దాపరికము మెండు. అలవాటు బయటపడినచో పరువు పోవునని పెద్దలు తలంతురు. కాని మద్యమువలన కాలేయము గట్టిపడియున్న రోగికి కోవిడు మిక్కిలి ప్రమాదకరము. అట్టివారిలో మరణము లధికము.

హెపటైటిస్-బి యున్నవారిని గూర్చి యింకొక మాట. ఊపిరితిత్తుల తాపము నణచుటకు ఇచ్చు డెక్సామెథసోన్, టోసిలిజుమాబ్ వంటి మందులవలన, నిద్రించియున్న ఆ పాతవైరసు మరల లేవవచ్చును. వారు నిత్యము వాడు మందును జ్వరమువేళ స్వయముగా మానరాదు. ఆ వ్యాధి గలదని చేర్చుకొను దినముననే తెలిసినచో, వైద్యుడు పరీక్ష చేయించి, వలసినచో ముందుగనే దానికి మందు మొదలిడగలడు.