ఆఖరు నిలువ, తొలి నిలువ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



చదువును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. పట్టములు పుచ్చుకొన్నవారు ఈ సభలో పలువురుండగా లెక్కలు వ్రాసి బ్రతుకు నన్నేల యడిగిరో తెలియదు. కావున చదువులోని ఒక లెక్కను మాత్రమే మీ ముందుంచెదను. నేటి ఆఖరు నిలువ రేపటి తొలి నిలువ కావలెననుట లెక్కలు వ్రాయువానికి మొదటి పాఠము. బి.ఏ. దారిలో రెండేండ్లు నడచి ఆగినవాని చదువు తరువాతి చోట తొలి నిలువగా జమపడునా, పడదా? నేను చెప్పదలచినది ఇంతియే.

పూర్వము దీనికి సమాధానము సులభముగా నుండెడిది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము వెలసిన కొలది కాలమునకే, మెట్రిక్యులేషను తరువాత రెండేండ్లకు ఎఫ్.ఏ. పరీక్షయు, మరి రెండేండ్లకు బి.ఏ. పరీక్షయు ఏర్పడినవి. 1904 నాటి విశ్వవిద్యాలయ చట్టము తరువాత ఎఫ్.ఏ. స్థానమున ఇంటర్మీడియట్ వచ్చినది. ఆ మొదటి రెండేండ్లు మాత్రమే బోధించు కళాశాలను రెండవ తరగతి కళాశాల యనియు, బి.ఏ. వరకు బోధించుదానిని మొదటి తరగతి కళాశాల యనియు వ్యవహరించెడివారు. పేరు విని చులకన చేయరాదు. రెండవ తరగతి కళాశాలలో చదివినవాడును వ్రాయునది విశ్వవిద్యాలయమువారి పరీక్షయే. ప్రశ్నపత్రము వారిదే, దిద్దుట వారిదే. అందుచేత ఉత్తీర్ణుడైనవాడు ఏ మొదటి తరగతి కళాశాలకు పోయినను ‘నీ రెండేండ్ల చదువు మాకు తెలియదు’ అనువారు లేరు. ఇంగ్లీషు, ఒక దేశభాష లేక సంస్కృతము, వానితో తర్కము చరిత్ర వంటి విషయములు చదివి, యింటికి దగ్గరనే సగము దారి నడచి, తక్కిన సగమునకు దూరదేశము పోవచ్చును. చేతిలో రూకలు లేని డెల్టా రైతుబిడ్డలకు ఆ యేర్పాటు ఎంత మేలు చేసినదో వేరుగ చెప్పనేల?

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము పుట్టినప్పుడు దాని కార్యస్థానము మన బెజవాడయే. 1930లో అది వాల్తేరునకు తరలిపోయినది. (ఆ మాట తలచినప్పుడెల్ల మన ప్రాంతపు పెద్దలు ఇప్పటికిని ఒక నిట్టూర్పు విడుతురు.) 1937లో విజయవాడలో ఎస్.ఆర్.ఆర్., సి.వి.ఆర్. కళాశాల నెలకొన్నది. విశ్వనాథ సత్యనారాయణగారు అచ్చట చిరకాలము తెలుగు బోధించినారు. నిమ్మకూరు నుండి వచ్చిన నందమూరి తారకరామారావు అచ్చటనే ఇంటర్మీడియట్ చదివెను. నాటకములో స్త్రీవేషము వేయుమని గురువుగారనగా మీసము తీయుటకు ఒప్పుకొనక, మీసముతోనే రంగమెక్కెనని లోకములో చెప్పుకొందురు. మీసము మాట యటుంచుడు. విజయవాడలో ఇంటర్మీడియట్ చదివిన ఆయన బి.ఏ. చదివినది కృష్ణకు ఆవలి గట్టున, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో. ఈ గట్టున చదివిన చదువు ఆ గట్టున చెల్లినది.

మన సాహిత్యమున దీనికంటె పెద్ద సాక్ష్యము కలదు. నన్నయ రెండు పర్వములు ముగించి మూడవదానిలో కొంత వ్రాసి యాగెను. తిక్కన విరాటముతో మొదలుపెట్టెను. నడుమ మిగిలిన అరణ్యపర్వశేషమును ఎఱ్ఱన పూరించెను. నన్నయ వ్రాసినది సగమైనను లేదే యనుకొని ఎవడైనను దానిని మొదటినుండి తిరుగ వ్రాసెనా? ఆగినచోటు తెలిసికొని అందుకొనుటయే తరువాతివారి మర్యాద.

చదువుల విషయములో ఆ మర్యాద క్రమముగా మారినది. 1950 దశకము నడుమ పాత ఇంటర్మీడియట్ పోయి ఒక్క యేటి పి.యు.సి.యు, మూడేండ్ల డిగ్రీయు వచ్చినవి. 1969లో మన రాష్ట్రమున రెండేండ్ల ఇంటర్మీడియట్ తిరిగి వచ్చినను, 1971లో దానికి ప్రత్యేకముగ బోర్డు ఏర్పడినది. పేరు పాతదే, స్థానము వేరు. ఒకప్పుడు విశ్వవిద్యాలయ విద్యకు మొదటి సగమైనది ఇప్పుడు బడిచదువునకు చివరి మెట్టు. విజయవాడ చుట్టుపట్ల అది ప్రవేశపరీక్షల కొరకు తెల్లవారుజామున లేచి రాత్రి పొద్దుపోవువరకు లెక్కలు వల్లించు శిక్షణగా మారినది. హెచ్.ఇ.సి. చదువుదునని ఒక పిల్లవాడన్నచో ఇంట చావుకబురు విన్నట్లే చూచుచున్నారు.

నేను ఆ హెచ్.ఇ.సి. చదివినవాడనే. పిమ్మట ఒక పట్టణమున బి.ఏ. రెండేండ్లు చదివితిని. మూడవ యేట నాయనగారికి జబ్బు చేయగా ఇల్లు చేరితిని. పదేండ్ల తరువాత మార్కుల పట్టీలు సంచిలో పెట్టుకొని ఒక కార్యాలయమునకు పోయి, మూడవ యేట చేర్చుకొందురా యని యడిగితిని. అచ్చటి గుమాస్తా వానిని మర్యాదగానే చూచి, ‘మొదటి సంవత్సరములో చేరవలెనండీ’ అని తిరిగి యిచ్చినాడు. ఆయనను నిందింపను. అతని పుస్తకములో అట్టి పద్దు లేదు. ఇంటికి వచ్చితిని. ఈ గ్రంథాలయము తలుపులు తెరచినది ఆ యేడే. భారతము తీసికొనిపోయి ఆదిపర్వమునుండి మొదలుపెట్టితిని. అచ్చట మాత్రము మొదటినుండి చదువుట కష్టమనిపింపలేదు.

అమెరికాలో ఈ పద్దు ఏనాడో తెరచినారు. చికాగో సమీపమున జోలియెట్ అను పట్టణములో 1901లో రెండేండ్ల కళాశాల మొదలైనది. ఇప్పుడు అట్టివి ఆ దేశమంతట కలవు, కమ్యూనిటీ కాలేజీలందురు. సొంతయూర తక్కువ రుసుముతో రెండేండ్లు చదివి, ‘అసోసియేట్’ అను పట్టము పొంది, విశ్వవిద్యాలయమున మూడవ యేట చేరవచ్చును. మన గ్రామమునుండి అచ్చటికి పోయినవారి పిల్లలను అడుగుడు, చెప్పుదురు. అయితే ప్రతి పాఠమును ప్రతి విశ్వవిద్యాలయము జమకట్టదు. ముందుగనే విచారించినవాడు బాగుపడును, విచారింపనివాడు కొన్ని పాఠములు మరల చదువును.

మన దేశమున 2020 జాతీయ విద్యావిధానము ఇట్టి త్రోవనే సూచించినది. డిగ్రీలో ఒక యేడు చదివి ఆగినవానికి సర్టిఫికెట్, రెండేండ్లకు డిప్లొమా, మూడేండ్లకు పట్టము. చదివిన చదువును క్రెడిట్లుగా జమకట్టుటకు 2021లో ఒక ఖాతాపద్ధతి పెట్టిరి. అందులో జమపడినది ఏడేండ్ల వరకు చెల్లును. లెక్కలవానిగా ఆ మాట వినగానే నాకు సంతోషము కలిగినది. నా రెండేండ్లు ఆ ఖాతాకెక్కవు, గడువు ఏనాడో దాటినది. పిల్లలవి ఎక్కవలెను. కాగితముమీది నియమము కళాశాల కిటికీ వద్ద ఎట్లు నడచుచున్నదో చేరునాడే అడుగుడు. ఖాతాసంఖ్య తెచ్చుకొనుడు. మార్కుల పట్టీయు, టి.సి.యు చేతికి రానిదే ఊరు కదలకుడు.

ఇది చెప్పుటకు కారణము కలదు. గతవారము మన యూరి బాలిక యొకతె, బి.ఏ. రెండవ యేడు చదువుచున్నది, చరిత్ర పుస్తకము కొరకు ఇచ్చటికి వచ్చినది. మరునాడు ఆమె తండ్రి నన్ను త్రోవలో ఆపి, ‘బాబాయిగారూ, ఈ యేటితో మాన్పించి పెండ్లి చేయుదమనుకొనుచున్నాము. రెండేండ్లకు ఏమైన దక్కునా?’ అని యడిగినాడు. డిప్లొమా దక్కవచ్చుననియు, కాని మాన్పింపవద్దనియు చెప్పితిని. పదేండ్ల తరువాత సంచి పట్టుకొని తిరిగినవాని మాటగా చెప్పుచున్నానంటిని. ఆయన ఔననలేదు, కాదనలేదు. ‘చూతములెండి’ అని పొలము వైపు పోయినాడు. ఈ సభలో ఆయనయు ఉన్నాడు. నేను అటు చూచుటలేదు.

ఆ బాలిక తీసికొనిపోయిన పుస్తకపు గడువు వచ్చు శుక్రవారముతో తీరును. ఆమె వచ్చి అడిగినచో, పరీక్షల వరకు రుసుము లేకుండ పొడిగింపవలసినదిగా గ్రంథాలయాధికారిగారిని సభాముఖమున కోరుచున్నాను. సెలవు.