విదేశములకు పోవు పెద్దలు – వైద్య బీమా

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఒకప్పుడు గంజాము తెలుగువారు గోపాలపూరు రేవున ఓడ ఎక్కి రంగూనునకు పోవుచుండిరి. పోవువారు వయసులో ఉన్నవారు, ఇంట నిలుచువారు ముసలివారు. నేడు ఆ వరుస తారుమారైనది. పిల్లలు ముందే పోయి డల్లాసులోను, టొరాంటోలోను, లండనులోను కాపురములు పెట్టిరి. వారిని చూచుటకును, కూతురి పురిటికో కోడలి పురిటికో సాయపడుటకును అరువది డెబ్బది యేండ్లు దాటిన తలిదండ్రులు విమానము ఎక్కుచున్నారు. బెంగుళూరు, హోసూరు, సోలాపూరు, బరంపురము, యానాము – ఏ ఊరి తెలుగిల్లు చూచినను ఇదే కథ. పోవునది పది దినముల విహారము కాదు; ఐదారు మాసముల నివాసము. ఆవకాయ ఎన్ని కిలోలు కట్టవలెనను విషయమున ఇంటిల్లపాది వారము దినములు ఆలోచింతురు. వైద్య బీమాను మాత్రము ప్రయాణపు ముందురాత్రి కుమారుడు అచ్చటనుండియే కంప్యూటరుపై పది నిమిషములలో కొని ముగించును. ఆ పది నిమిషములను గూర్చియే నేడు మేము ముచ్చటింపదలచితిమి.

మొదట ఒక భ్రమను తొలగింపవలెను. "మాకు ఇచ్చట మెడిక్లెయిము ఉన్నది గదా" అని అనేకులు అందురు. మన దేశమున కొనిన సాధారణ ఆరోగ్య బీమా సామాన్యముగా దేశపు ఎల్లలు దాటి చెల్లదు. కేంద్రప్రభుత్వ ఉద్యోగము చేసి విశ్రాంతి పొందినవారి వైద్య పథకము గాని, 2024 అక్టోబరు నుండి డెబ్బది నిండిన వారందరికిని విస్తరింపబడిన ఆయుష్మాన్ భారత్ కార్డు గాని విదేశపు ఆసుపత్రిలో పనికిరావు. విదేశయాత్రకు ప్రత్యేకముగా వేరొక పాలసీ కొనవలసినదే.

ఇక ఏ దేశమునకు పోవుచున్నామను దానినిబట్టి నియమములు మారును. ఫ్రాన్సు, జర్మనీ మున్నగు షెంగెన్ దేశములకు స్వల్పకాలపు వీసా కోరువారు 30,000 యూరోలకు తక్కువకాని వైద్య బీమా చూపనిదే వీసా రాదు. కెనడా దేశమువారు తలిదండ్రులకును, తాత అమ్మమ్మలకును 2011లో ఏర్పరచిన సూపర్ వీసాకు లక్ష కెనడా డాలర్లకు తక్కువకాని బీమా, కనీసము ఒక సంవత్సర కాలమునకు కావలెను. 2022 జూలై నుండి ఆ వీసాపై ఒక్కసారిగా ఐదేండ్లవరకు ఉండవచ్చును గనుక అచ్చటి బీమాను ఏటేట కొనసాగించు భారమును పిల్లలు ముందే లెక్క వేసికొనవలెను. ఇంగ్లండులో సందర్శకులకు అత్యవసర విభాగపు చికిత్స వరకు రుసుము లేదు గాని, ఆసుపత్రిలో చేర్చుకొనిన పిమ్మట అచ్చటి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ తన నిర్ణీత ధరకు ఒకటిన్నర రెట్లు వసూలు చేయును.

అమెరికా సంగతి వేరు. సందర్శక వీసాకు ఆ దేశము బీమా అడుగనే అడుగదు. అడుగలేదు గనుక అక్కరలేదని కొందరు తలంతురు. మన పెద్దలలో అధికసంఖ్యాకులు పోవునది ఆ దేశమునకే గనుక మేము చెప్పదలచిన దానిలో పెద్దభాగము దానికి సంబంధించినదే. 1986 నాటి చట్టము ప్రకారము అచ్చటి ఆసుపత్రుల అత్యవసర విభాగములు, ధనము కలదా లేదా అని విచారింపక, వచ్చిన రోగిని పరీక్షించి ప్రాణాపాయస్థితిని కుదుటపరచవలెను. ఇది గొప్ప ధర్మమే. కాని బిల్లు తరువాత ఇంటికి వచ్చును. ఆ దేశపు ఆసుపత్రులలో రోగి ఒక్కరోజు ఉండుటకు అగు వ్యయము సగటున 3,000 డాలర్లకు పైబడినట్లు 2022 నాటి లెక్కలు తెలుపుచున్నవి. గుండెకు చికిత్స, తుంటి ఎముక విరిగినందుకు శస్త్రచికిత్స వంటివాటిలో ఈ సగటు మాట నిలువదు. రూపాయలలోనికి మార్చి చూచినప్పుడు 50,000 డాలర్ల పాలసీ కొండంత కనబడును. అచ్చటి ఆసుపత్రిలో అది కొలది దినములలో కరగిపోవచ్చును.

అచ్చట సందర్శకులకు అమ్ము పథకములు ముఖ్యముగా రెండు తీరులు. ఒకటి నిర్ణీత మొత్తపు పథకము: గదికి దినమునకు ఇంత, వైద్యుడు చూచినందుకు ఇంత, శస్త్రచికిత్సకు ఇంత అని పట్టిక కట్టి, అంతవరకే ఇచ్చును, మిగిలినది మనది. రెండవది సమగ్ర పథకము: డిడక్టిబుల్ అను తొలిభాగమును మనము చెల్లించిన పిదప, తక్కిన ఖర్చులో అధికభాగమును పాలసీ మొత్తమువరకు భరించును. మొదటిది చౌక. వృద్ధులకు దానిని కొనుట జల్లెడతో నీరు మోయుట వంటిదని మా అభిప్రాయము. వయస్సును బట్టి మొత్తము తగ్గుటయు కలదు. ఎనుబది యేండ్లు నిండినవారికి కొన్ని పథకములు 10,000 డాలర్లకు మించి ఈయవు. ప్రకటనలో పెద్ద అక్షరములతో వేసిన లక్షల డాలర్లు మన తాతగారికి వర్తించునా లేదా అని అడిగి తెలిసికొనవలెను.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాము. మనలో డెబ్బది యేండ్లు వచ్చినవారికి మధుమేహమో, రక్తపోటో, గుండెకు పూర్వము వేసిన స్టెంటో లేని ఇల్లు అరుదు. వీనిని బీమావారు పూర్వవ్యాధులు అందురు. ప్రయాణ బీమా స్వభావతః హఠాత్తుగా వచ్చు ఆపదకు ఉద్దేశింపబడినది. నెలనెలా చూపించుకొను పరీక్షలకు, రోజూ వేసికొను మాత్రలకు, కండ్లజోడునకు, పంటికి అది సామాన్యముగా ఈయదు. అందుచే మందులు ఉండు కాలమునకు సరిపడునట్లు, వైద్యుని చీటీతో, అసలు పెట్టెలలోనే తీసికొనిపోవలెను. చికిత్సకొరకే ప్రయాణమైనచో అసలే ఈయదు. పూర్వవ్యాధి మూలమున ఆపద వచ్చినచో? మన దేశపు పాలసీలలో కొన్ని దానిని పూర్తిగా మినహాయించును. కొన్ని ప్రాణాపాయస్థితిలో మాత్రము, అదియు తక్కువ హద్దుతో భరించును. అమెరికాలో కొను పథకములలో పూర్వవ్యాధి హఠాత్తుగా విషమించుట అను నిబంధన కనబడును. ముందుగా ఏ సూచనయు లేక అకస్మాత్తుగా రావలెను. సామాన్యముగా ఇరువదినాలుగు గంటలలో చికిత్సకు పోవలెను. రెండు దినములు ఛాతీ బరువుగా ఉన్నదని తెలిసియు, "పిల్లవాని ఉద్యోగమునకు అడ్డమెందుకు, శనివారము చెప్పుదము" అని ఊరకుండు తల్లి ఈ నిబంధనచే దెబ్బతినును. మన తల్లుల తత్త్వము తెలిసినవారికి ఇది ఎంత సంభవమో వేరుగ చెప్పనక్కరలేదు. నొప్పి తోచిన గంటలోనే చెప్పవలెనని బయలుదేరకముందే వారిచే మాట తీసికొనుడు.

పూర్వవ్యాధిని దరఖాస్తులో వ్రాసినచో బీమా ఈయరేమో, ప్రీమియము పెరుగునేమో యను భయముచే దాచువారున్నారు. ఇట్టివారికి మన సుప్రీముకోర్టు 2021 డిసెంబరులో ఇచ్చిన తీర్పు ఒకటి వినిపింపవలెను. 2009లో ఒక పెద్దమనిషి విదేశ మెడిక్లెయిము పాలసీ తీసికొని అమెరికాకు పోయెను. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయమున దిగగానే చెమటలు పట్టి నీరసించెను. ఆసుపత్రిలో చేర్చగా గుండెపోటని తేలి స్టెంట్లు వేసిరి. మధుమేహము పూర్వమునుండి ఉన్నదనియు, కొవ్వును తగ్గించు మాత్రలు వాడుచున్నట్లు తెలుపలేదనియు చెప్పి కంపెనీ సొమ్ము నిరాకరించెను. జాతీయ వినియోగదారుల కమిషను కంపెనీ పక్షమే పలికెను. సుప్రీముకోర్టు ఆ నిర్ణయమును త్రోసివేసెను. పాలసీకి ముందు జరిగిన వైద్యపరీక్షలో మధుమేహము కంపెనీకి తెలిసియే ఉండెను. తెలిసి పాలసీ ఇచ్చిన పిమ్మట ఆ వ్యాధినే చూపి నిరాకరించుట చెల్లదని తీర్పు. తనకు తెలిసిన ముఖ్యవిషయములను తెలుపుట దరఖాస్తుదారుని విధియని కూడ కోర్టు చెప్పినది.

ఈ తీర్పును విని, ఎట్లైనను కోర్టు గెలిపించునని సంతోషించువారు రెండు సంగతులు గమనింపవలెను. ఆయనకు న్యాయము దొరకుటకు పండ్రెండేండ్లు పట్టినది. ఆయనను నిలబెట్టినది కాగితముపై ముందే నమోదైన మధుమేహము. నేడు కంప్యూటరుపై కొను పాలసీలలో అనేకములకు వైద్యపరీక్షయే లేదు. "ఏ వ్యాధియైనను కలదా" అను ప్రశ్నకు ఎదురుగా "లేదు" అను గడిలో కుమారుడు గుర్తుపెట్టినచో కంపెనీకి తెలిసియుండెనని వాదించుటకు ఆధారమేదియు మిగులదు. కుమారుడు దుర్బుద్ధితో చేయడు. నాయనకు గత సంవత్సరము ఏ మాత్ర మార్చిరో ఏడువేల మైళ్ల దూరమున అతనికి తెలియదు. కావున దరఖాస్తు నింపునప్పుడు తలిదండ్రులు ఫోనులో ఉండవలెను. మందుల చీటీని చేతిలో పట్టుకొని ఒక్కొక్కటి చదివి చెప్పవలెను. పంపిన దరఖాస్తు ప్రతిని ముద్రించి ఇంట ఒకటి, పెట్టెలో ఒకటి ఉంచవలెను. ప్రీమియము కొంత పెరిగిన పెరుగనిండు.

దినముల లెక్కలో మోసపోవువారును కలరు. అమెరికాలో దిగినవారికి అధికారులు సాధారణముగా ఆరు మాసముల గడువు ఇత్తురు. మన దేశపు పాలసీలు పెక్కు 180 దినములకు ఉండును. మార్చి 1న దిగి ఆగస్టు 31న బయలుదేరువారు లెక్కించి చూతురుగాక, 184 దినములు అగును. ఆ చివరి నాలుగు దినములు బీమా లేని దినములే. మనుమరాలి పుట్టినరోజు చూచి పొండని పిల్లలు నిలిపినప్పుడును ఇంతే. పొడిగింపును గడువు తీరకముందే కోరవలెను. తీరిన పిదప సామాన్యముగా ఈయరు.

మన వంటివారికి ప్రత్యేకమైన మాట ఒకటి. మన యిండ్లలో తెలుగు మాటాడుదురు; అక్షరములు మాత్రము తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీయో చదివిన పెద్దలు ఎందరో ఉన్నారు. మందుల పట్టిక, బీమా కంపెనీ ఫోను సంఖ్య, పిల్లల చిరునామా – ఇవి ఇంగ్లీషున ఒకటి, పెద్దలు చదువగల లిపిలో ఒకటి వ్రాసి సంచిలో ఉంచవలెను. ఆసుపత్రిలో చేరిన వెంటనే ఆ సంఖ్యకు ఫోను చేయవలెను; ఆలస్యమైనచో చిక్కులు వచ్చును. అమెరికాలో ప్రభుత్వ ధనము పొందు ఆసుపత్రులు 1964 నాటి పౌరహక్కుల చట్టమును అనుసరించి, ఇంగ్లీషు రానివారికి దుబాసీ సహాయమును ఉచితముగా కల్పింపవలెను. "తెలుగు" అను ఒక్క మాట చెప్పగల వృద్ధురాలు తన నొప్పిని తన భాషలోనే చెప్పుకొనవచ్చును. బెంగుళూరునుండి వచ్చెను గనుక కన్నడ దుబాసీని పిలుతురు. కన్నడమే సుకరమైనచో సరే, కానిచో తెలుగే కోరవలెను. నొప్పి ఎప్పుడు మొదలైనదను ప్రశ్నకు జవాబు తప్పుగా నమోదైనచో పైన చెప్పిన ఇరువదినాలుగు గంటల నిబంధన ఎట్లు బెడిసికొట్టునో ఊహింపుడు.

ఇచ్చట కొను ఆరోగ్య పాలసీల ముఖ్యాంశములను సులభమైన మాటలలో ఒక పత్రముగా ఈయవలెననియు, కోరినచో స్థానికభాషలో ఈయవలెననియు బీమా నియంత్రణ సంస్థవారు 2023లో ఉత్తరువు చేసిరి. స్థానికభాష యనగా ఆ రాష్ట్రపు భాషయని గుమాస్తా తలచవచ్చును. తెలుగున కావలెనని వ్రాతమూలముగ అడుగుటకు మనము సంకోచింపనేల?

పాలసీ మన దేశమున కొనవలెనా, అమెరికాలోనా అని మమ్ము తరచు అడుగుదురు. అమెరికా పథకమును అచ్చటి ఆసుపత్రులు సులువుగా గుర్తించును. మన దేశపు పాలసీకి గల మేలు తగవు వచ్చినప్పుడు తెలియును. కంపెనీకి వ్రాతమూలముగ ఫిర్యాదు చేసి నెల గడచినను సమాధానము రాకున్న, లేక వచ్చినది సంతృప్తికరము కాకున్న, బీమా అంబుడ్స్‌మన్ కడకు ఏడాదిలోపల పోవచ్చును. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. 50 లక్షల రూపాయలవరకు విచారించు అధికారము కలదు. అమెరికా కంపెనీపై ఆయనకు అధికారము లేదు. తమిళనాటివారికి చెన్నై, కర్ణాటకమువారికి బెంగుళూరు, ఒడిశావారికి భువనేశ్వరము, సోలాపూరువారికి పూనా కార్యాలయములు. యానామువారు పుదుచ్చేరి ప్రభుత్వము క్రింద ఉన్నను వారి ఫిర్యాదులు చెన్నైకి కాక హైదరాబాదు కార్యాలయమునకు చెందును. పొరపాటున చెన్నైకి పంపి కాలము పోగొట్టుకొనరాదు. ముదిమిలో తనకు వీలైన ఊరికి పోయి మాటాడగలుగుట చిన్న మేలు కాదు. అయినను ఎనుబది దగ్గరపడినవారి విషయమున రెండు దేశముల పాలసీల నిబంధనలను ప్రక్కప్రక్కన పెట్టి, పూర్వవ్యాధి పేరాను మొదట చదివి, అటుపిమ్మట ధర చూచుడని మా మనవి.

ఈ వేసవికి ప్రయాణమగు సభ్యులు సొమ్ము చెల్లింపకముందు దరఖాస్తు నకలును, మందుల చీటీని తీసికొని ఆదివారము ఉదయము సంఘ పఠన మందిరమునకు రావచ్చును. ఇంగ్లీషు నిబంధనలను చదివి తెలుగున చెప్పుటకు మన యువకులు ఇద్దరు ముగ్గురు ఒప్పుకొనియున్నారు. కండ్లజోడు మరువక తెచ్చుకొనుడు. పాలసీలోని అక్షరములు మిక్కిలి సన్నము.