ఎడ్గర్ కాడ్ గారి పట్టికలు



నేడు బ్యాంకు గుమాస్తా మన ఖాతానిలువను క్షణములో చెప్పుచున్నాడు. దీనికి మూలమైన యోచన ఎడ్గర్ కాడ్ అను గణితజ్ఞునిది. వారు 1923లో ఇంగ్లండునందు జన్మించి, రెండవ ప్రపంచయుద్ధమున విమానచోదకులై, 1949లో అమెరికాయందు ఐ.బి.యం. సంస్థలో చేరిరి.

నాటి కంప్యూటర్లలో వివరములు చెట్టుకొమ్మలవలె నొకదానినుండి యొకటి వ్రేలాడుచుండెడివి. ఏ కొమ్మనుండి యే కొమ్మకు పోవలెనో అడుగువాడే త్రోవ చెప్పవలెను. అమరిక మారినచో ప్రోగ్రాము చెడును. కాడ్ గారు 1970లో ప్రకటించిన వ్యాసమున సమస్తమును పట్టికలుగా నుంచవలెననిరి. ఒక పట్టికలో ఖాతాదారుల పేర్లు, వేరొకదానిలో జమాఖర్చులు. రెంటిని కలుపునది ఖాతాసంఖ్య. ఏమి కావలెనో అడిగిన చాలును. ఎట్లు వెదకవలెనో యంత్రమే చూచుకొనును.

విచిత్రమేమన, వారి సంస్థయే త్వరపడలేదు. పాతపద్ధతి దానికి మంచి రాబడి తెచ్చుచుండెను! పిమ్మట ఆరకిల్ అని పేరొందిన యొక చిన్న కంపెనీ 1979లోనే ఇట్టి సరకును విపణికి తెచ్చెను, ఐ.బి.యం. వారిది 1981లో గాని రాలేదు. ఆ యేడే కాడ్ గారికి ట్యూరింగ్ బహుమానము లభించెను.

అయినను వారికి తృప్తి కలుగలేదు. పాతసరకునకే కొత్తపేరు పెట్టి యమ్ము వర్తకులనుద్దేశించి 1985లో పండ్రెండు నియమములు ప్రకటించిరి. పండ్రెండని పేరేగాని, సున్నతో మొదలిడుటచే అవి పదుమూడు.