పూర్వుల జాడకు ఊరి పేరే తాళపుచెవి
(సంఘసభలో చేసిన ప్రసంగపాఠము)



తపతీ తీరమునందలి సూరత్తు అనాదిగా వలసవారి నగరము. ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్టణమునను, 1613లో సూరత్తునను వర్తకశాలలు నెలకొల్పిరి. 1669లో ఇచట మరణించిన జార్జి ఆక్సెండెను సమాధి నేటికిని నిలిచియున్నది. బొంబాయి ప్రాంతపు చర్చి పుస్తకముల నకళ్లు 1709 మొదలు లండనులో భద్రముగా నున్నవి.

తెలంగాణమునుండి వచ్చి ఇచటి మరమగ్గములను నడపిన పద్మశాలి కుటుంబముల సంగతి వేరు. వారి ముత్తాతల పేర్లు ఏ శిలపైనను లేవు. మూడవ తరపు బాలునకు జిల్లా పేరు తెలియును. ఊరి పేరు తెలియదు.

ఈ చిక్కు తెలుగువారికి మాత్రమే కాదు. అమెరికాకు వలసపోయిన జర్మనుల సంతతివారును దీనినే ఎదుర్కొనిరి. జర్మనీలో జ్ఞానస్నానము, వివాహము, ఖననము చర్చి పుస్తకములకెక్కుచుండెను. సామ్రాజ్యమంతట ప్రభుత్వపు నమోదు 1876లో గాని అమలునకు రాలేదు. ఆ పుస్తకములు ఏ ఊరివి ఆ ఊరివే. ఊరి పేరెరుగనివానికి అవి మూసిన తలుపులు. హాంబర్గు రేవులో 1850 నుండి 1934 వరకు వ్రాసిన ఓడప్రయాణికుల పట్టీలలో స్వస్థలము గూడ నుండుటచే ఎందరికో దారి దొరకినది. వంశనామమును మాత్రమే నమ్మిన లాభము లేదు. ష్మిట్ అనువాడు అమెరికాలో స్మిత్ అయినాడు గదా!

సూరత్తు తెలుగువారికిని సాధనములు లేకపోలేదు. మొదటిది ఇంటిపేరు, పెక్కు ఇంటిపేర్లలో పూర్వులు విడిచివచ్చిన ఊరు దాగియుండును. రెండవది గోత్రము. పద్మశాలీల కులపురాణమును చెప్పు కూనపులివారు ఊరూర తిరిగి గోత్రములను స్మరించుట ఆచారము. మూడవది భూమి లెక్క. హైదరాబాదు రాష్ట్రమున 1954-55లో తయారైన ఖాస్రా పహాణీలో గ్రామమువారీగా పట్టాదారుల పేర్లున్నవి. అయినను భూమి లేని నేతకాని పేరు అందుండదు. నాల్గవది బడి. సూరత్తు పురపాలక సంఘము తెలుగు పాఠశాలలను గూడ నడపినది. బడిలో చేరిన పిల్లవాని పుట్టినతేదీ, జన్మస్థలము ప్రవేశపుపుస్తకమున దొరకవచ్చును.

ఇచట నొక మెలకువ అవసరము. తెలుగువాడు ఇంటిపేరును పొడియక్షరముగా కుదించి ముందు వ్రాయును. గుజరాతు పద్ధతిలో తండ్రిపేరు గూడ చేరును. కావున ఒకే మనిషి రెండు కాగితములలో ఇద్దరుగా కనిపించవచ్చును. తండ్రిపేరు, ఊరు, వయస్సు సరిపోలిననే అతడే యని నిశ్చయింపవలెను.

బదిలీలపై వచ్చు కేంద్రోద్యోగుల బిడ్డలకును ఈ గతి పట్టరాదని ఎవరు చెప్పగలరు? తండ్రి ఒకచోట, తల్లి ఒకచోట, బిడ్డలు మూడుచోట్ల పుట్టుదురు. సెలవుప్రయాణపు రాయితీకై సర్వీసుపుస్తకమున స్వస్థలమును వ్రాయించుకొను ఉద్యోగి, ఆ ఒక్క పంక్తిని ఇంటి పుస్తకమున గూడ వ్రాసిన చాలును. దానిక్రింద తాత, ముత్తాతల పేర్లు, గోత్రము, అమ్మమ్మ పుట్టినిల్లు చేర్చవలెను. స్త్రీల పుట్టినూళ్లు దస్తావేజులలో అరుదు. అవి వృద్ధుల నాలుకపైననే యుండును.

జననమరణముల నమోదు చట్టము 1969లో వచ్చినది. అంతకు పూర్వపు తరమువారు నానాటికి తగ్గిపోవుచున్నారు. దస్తావేజు రేపును దొరకవచ్చును. అవ్వ జ్ఞాపకము దొరకదు. కావున ముందుగా అడుగవలసినది కచేరీలో కాదు, ఇంటిలోనే.