30 సిస్టమ్‌లు, ఒక్క కేబుల్: హార్డ్ డిస్క్ లేని ల్యాబ్ ఎందుకు లేటుగా ఆన్ అవుతుంది?

హార్డ్ డిస్క్ లేని కంప్యూటర్ నెట్‌వర్క్ నుంచి బూట్ అవ్వాలి. అది అవ్వకపోతే, లేదా బాగా లేట్ అయితే ఎక్కడ వెతకాలి? ఈరోజు టాపిక్ అదే. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పప్పులో కాలేసిన కథతోనే చెప్తా.

తెలిసిన అన్న ఒకాయన అక్కడ చిన్న కోచింగ్ ల్యాబ్ నడుపుతారు. 30 సిస్టమ్‌లు. ఒక్కదాంట్లోనూ హార్డ్ డిస్క్ లేదు, అన్నీ ఒకే లినక్స్ సర్వర్ నుంచి బూట్ అవుతాయి. పొద్దున 9 గంటలకు 60 నిమిషాల మాక్ టెస్ట్. నల్గొండ, సూర్యాపేట నుంచి తెల్లారకముందే బస్సెక్కి, ఎల్‌బీ నగర్‌లో దిగి వచ్చే పిల్లలున్నారు. టైమర్ 9కే మొదలవుతుంది, సిస్టమ్ 9:15కి వస్తుంది. "అన్నా, నాది ఇంకా రాలేదు" అని ఒక చెల్లి అడుగుతుంటే నాకే బాధేసింది.

చూడగానే నేనేమన్నాను? "సర్వర్ పాతదైపోయింది అన్నా, కొత్తది కొనండి." తప్పు! కొలవకుండా చెప్పిన మాట అది.

నెట్‌వర్క్ బూట్‌లో మూడు మెట్లు ఉంటాయి. ఒకటి, డీహెచ్‌సీపీ నుంచి ఐపీ అడ్రస్, బూట్ ఫైల్ పేరు తెచ్చుకోవడం. రెండు, టీఎఫ్‌టీపీతో కెర్నెల్ దింపుకోవడం. మూడు, మిగతా ఆపరేటింగ్ సిస్టమ్‌ను సర్వర్ నుంచి చదవడం. ఏ మెట్టు మీద ఆగిందో ముందు చూడండి. స్క్రీన్ మీద ఈ51 వస్తే డీహెచ్‌సీపీ జవాబే రాలేదు. ఈ53 అంటే అడ్రస్ వచ్చింది, ఫైల్ పేరు రాలేదు. ఈ32 అంటే టీఎఫ్‌టీపీ పలకట్లేదు.

మా ల్యాబ్‌లో కొన్నిటికి ఈ51 వచ్చింది. డీహెచ్‌సీపీ బాగానే ఉంది. అసలు దొంగ కొత్తగా పెట్టిన మేనేజ్డ్ స్విచ్. స్పానింగ్ ట్రీ ఆన్‌లో ఉంటే, సిస్టమ్ ఆన్ అయ్యాక ఆ పోర్ట్ 15 ప్లస్ 15, మొత్తం 30 సెకన్లు ఏ డేటానూ పోనివ్వదు. కొన్ని నెట్‌వర్క్ కార్డులు అంతసేపు ఆగవు. దీనికి ఈజీ టెస్ట్ ఉంది: సిస్టమ్‌కూ ఆ స్విచ్‌కూ మధ్య మామూలు చిన్న స్విచ్ పెట్టండి. వెంటనే బూట్ అయితే దొంగ దొరికినట్టే. సిస్టమ్‌లు తగిలించిన పోర్ట్‌లకు మాత్రమే పోర్ట్‌ఫాస్ట్ ఆన్ చేయండి.

రెండోది టీఎఫ్‌టీపీ. ఇది డిఫాల్ట్‌గా 512 బైట్ల ముక్క పంపి, "అందింది" అనే జవాబు వచ్చేదాకా ఆగుతుంది. 50 ఎంబీ ఫైల్ అంటే లక్షకు పైగా ముక్కలు. ఒక్కోదానికి 1 మిల్లీసెకను వేసుకున్నా 100 సెకన్లు! బ్లాక్ సైజు 1468 చేస్తే దాదాపు 36 సెకన్లు. ఐపీఎక్స్‌ఈ పెట్టుకుని హెచ్‌టీటీపీతో దింపితే ఇంకా నయం. మేం అదే చేశాం.

అయినా అందరూ ఒకేసారి ఆన్ చేస్తే మళ్లీ అదే కథ. అప్పుడు లెక్క వేశాను. ఒక్కో సిస్టమ్ సుమారు 300 ఎంబీ చదువుతోంది. 30కి 9 జీబీ. గిగాబిట్ లైన్ మీద నిమిషంన్నరలోపు పోవాలి. మరి 13 నిమిషాలు ఎందుకు? సర్వర్‌లో ఈథ్‌టూల్ కొట్టి చూస్తే స్పీడ్ 100 అని ఉంది, 1000 కాదు!

గిగాబిట్‌కు కేబుల్‌లో 4 జతల తీగలూ కావాలి, 100కి 2 జతలు చాలు. సర్వర్ కేబుల్ చివర క్రింపింగ్‌లో ఒక తీగ సరిగ్గా కూర్చోలేదు. ఒక్క సిస్టమ్ ఆన్ చేసి చూసినప్పుడు 300 ఎంబీకి 25 సెకన్లే పడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

కేబుల్ మార్చాం. మర్నాడు 30 సిస్టమ్‌లూ మూడు నిమిషాల్లో వచ్చాయి. ఆ చెల్లి 9కే టెస్ట్ మొదలుపెట్టింది. అన్న మాత్రం "కొత్త సర్వర్ ఎప్పుడు కొందాం తమ్మీ?" అని ఇప్పటికీ ఏడిపిస్తారు.

సో ఫ్రెండ్స్, ముందు ఏ మెట్టు మీద ఆగిందో చూడండి, తర్వాత లెక్క వేయండి, కొనడం చివర్లో. టెస్ట్ ఎప్పుడూ అన్ని సిస్టమ్‌లూ ఒకేసారి ఆన్ చేసి చేయండి. మీ ల్యాబ్‌లో ఏ ఎర్రర్ వస్తోందో కింద రాయండి. మళ్లీ కలుద్దాం, బై!