సున్నపురాయి దారుల్లో కారు శుభ్రం

నడికుడి, దాచేపల్లి, పిడుగురాళ్ల దారుల్లో తిరిగే కార్లపై సున్నపురాయి, సిమెంటు దుమ్ము పేరుకుంటుంది. దాన్ని పొడిగుడ్డతో తుడవకండి, రేణువులు రంగును గీస్తాయి. సిమెంటు తడిసి అలాగే ఉండిపోతే గట్టిపడుతుంది. అందుకే ముందు ధారగా నీళ్లు పోసి దుమ్మంతా దించేయండి.

కొనాల్సినవి మూడే: కారు షాంపూ, రెండు మూడు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక డబ్బా వాక్స్. గిన్నెల సబ్బు వాడితే వాక్స్ పొర పోతుంది. బకెట్లు ఇంట్లోవి రెండు చాలు: ఒకటి షాంపూ నీళ్లకు, ఇంకొకటి గుడ్డ జాడించడానికి.

సున్నపురాయి నేలల్లో బోరు నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువగా ఉంటాయి. నీడలో కడిగి, ఆరకముందే తుడిస్తే తెల్లమరకలు పడవు. టైర్ల మెరుపు, సువాసన సీసాలు తర్వాత చూసుకోవచ్చు. ముందు రంగును కాపాడే వాటికే డబ్బు పెట్టండి.