విద్యుత్ సరకుల బండి - యజమాని లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున భారతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు నన్ను కోరిరి. మన పఠనమందిరమునకు వచ్చు యువకుల కోరిక వేరు. పట్నమునకు కూరగాయలు చేరవేయుటకు విద్యుత్తుతో నడుచు సరకుల బండి కొనవచ్చునా యని వారి ప్రశ్న. ఆ బండికి అప్పు కావలెను. అప్పునకై ఒకరి ఇంట తల్లి బంగారము, మరియొకరి ఇంట అర యెకరము భూమి తాకట్టు పడవలసియున్నవి. భారతము ఇన్ని వందల యేండ్లు నిలిచినది, ఇంకను నిలుచును. తాకట్టు మాట రేపో మాపో తేలవలసినది. కావున నేనీనాడు బండిని గూర్చియే ముచ్చటించి, భారతమును అందులకు సాక్షిగా పిలిచెదను.

నేను పండితుడను గాను. మా తాతగారు కరణము. 1984లో ఆ పదవులు రద్దయినవి. నాకు మిగిలినది సహకార సంఘపు చిట్టా, ఆవర్జాలు వ్రాయు పని. బండి నడుపుట నాకు రాదు; నడుపువారి లెక్క వ్రాయుట వచ్చును. మా మేనల్లుడు సరూర్‌నగరున అద్దె యింట నుండి, దిల్‌సుఖ్‌నగరు, ఎల్బీ నగరుల నడుమ ఇట్టి బండితో జీవనము చేయుచున్నాడు. అతని ఖర్చు పుస్తకము నెలకొకసారి నా చేతికి వచ్చును. నేను చెప్పబోవునదంతయు ఆ పుస్తకము నేర్పినదే.

ముందుగా ఈ బండి యెట్టిదో చూతము. అమెరికా దేశమున పికప్ ట్రక్కు అనగా రైతులును, వడ్రంగులును, ఉద్యోగులును గూడ ఇంటి వాహనముగా వాడుకొను పెద్ద బండి. అచ్చట 2021లో రివియన్ సంస్థయు, 2022లో ఫోర్డు సంస్థయు విద్యుత్ పికప్పులను కొనువారికి అందించినవి. మన దేశమున ఆ స్థానము చిన్న సరకుల బండిది. 2005లో టాటావారి ఏస్ బండి రాగా జనులు దానికి 'ఛోటా హాథీ', అనగా చిన్న యేనుగు, అని పేరిడిరి. 2022 మే నెలలో ఆ చిన్న యేనుగునకే విద్యుత్ రూపము వచ్చెను. 21.3 యూనిట్లు పట్టు బ్యాటరీ, 600 కిలోల బరువు, పరీక్షలో ఒక్క ఛార్జింగునకు 154 కిలోమీటర్లు - ఇవి దాని తొలి కొలతలు. 2024లో ఒక టన్ను మోయు రూపము వెలువడెను. మహీంద్రావారి మూడు చక్రముల ట్రియో జోర్ అంతకుముందే, 2020లో వచ్చియుండెను.

ఇది నిన్న మొన్న పుట్టిన వింత గాదు. ఇంగ్లండు దేశమున 1950, 1960 ప్రాంతములలో వేకువజామున ఇంటింటికి పాలసీసాలు చేర్చిన బండ్లలో అనేకములు విద్యుత్తుతో నడచినవే. పాలబండి పోవు దారి నిత్యము ఒక్కటే. దూరము తక్కువ, ఆగు చోట్లు ఎక్కువ. రాత్రికి చేరు కొట్టము ఒక్కటే. విద్యుద్బండికి తగిన పని లక్షణములు నేటికిని ఇవియే. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. తరువాత మన ఊరి లెక్కకు పనికివచ్చును.

దిల్‌సుఖ్‌నగరు మనలో పెక్కురు ఎరిగినదే. పిల్లలను శిక్షణ తరగతులలో చేర్చుటకో, పెండ్లి బట్టలు కొనుటకో పోయియుందురు. అచ్చటినుండి చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్బీ నగరు కూడలి వరకు రహదారి పొడవున అంగళ్లే. 2018 సెప్టెంబరు నుండి ఆ దారిపైన మెట్రో రైలు విద్యుత్తుతో పరుగిడుచున్నది. ఆ రైలు స్తంభముల నీడలో మా వాని బండి ఉదయము ఏడు గంటలకు బయలుదేరును. దిల్‌సుఖ్‌నగరు గోదామున బియ్యపు బస్తాలు, నూనె డబ్బాలు ఎత్తుకొని కొత్తపేట, నాగోలు, వనస్థలిపురముల చిల్లర దుకాణములకు దింపుచు, సాయంకాలమునకు 70, 80 కిలోమీటర్లు తిరుగును.

డీజిలు బండి కూడలిలో నిలిచియుండియు చమురు త్రాగును. ఈ బండి నిలిచినప్పుడు దాని మోటారు తినునది ఏమియు లేదు. వేగము తగ్గించునపుడు మోటారే జనరేటరుగా మారి కొంత విద్యుత్తును బ్యాటరీకి మరల చేర్చును. క్లచ్చి లేదు, గేర్లు లేవు. దినమంతయు నడిపినను ఎడమకాలు లాగకుండుట తన మొదటి లాభమని మేనల్లుడు చెప్పును. సరకు దింపునపుడు దుకాణదారుని మాట వినబడుట రెండవ లాభమట. అయితే ఆ నిశ్శబ్దమే ఒక ప్రమాదము. సరూర్‌నగరు రైతుబజారు సందులలో ముసలివారు వెనుక వచ్చు బండిని గుర్తింపరు. అందుచేత అచ్చట నడక వేగమున పోవుట అతని నియమము.

ఇక కష్టములు. ప్రకటనలోని 154 కిలోమీటర్లు పరీక్షశాల మాట. నిండు బరువు, ఎండ, వాన, వంతెనల ఎక్కుడు, పాతబడిన బ్యాటరీ - ఇవి యన్నియు దూరమును తగ్గించును. నేను లెక్కకు నూరు కిలోమీటర్లే తీసికొందును. బ్యాటరీలో అయిదవ పాలు మిగిలినప్పుడు అతడు క్రొత్త బేరము ఒప్పుకొనక ఇంటిదారి పట్టును. రాత్రి కరెంటు పోయి వచ్చినచో నిద్ర లేచి ఛార్జింగు దీపము వెలుగుచున్నదో లేదో చూచి పండుకొనును. వెనుకటి రైతు ఎద్దులకు గడ్డి ఉన్నదో లేదో చూచుటకు అర్ధరాత్రి లేచినట్లే యిదియు.

అన్నిటికంటె పెద్ద చిక్కు గోడ వద్ద వచ్చును. బండి తనది, గోడ ఇంటి యజమానిది. బండి కొన్న మొదటి నెలలోనే ఇంటి యజమాని, "మీ బండికి నా మీటరు నుండి కరెంటు తీయవద్దు" అనెను. ఆయన మాటలో అన్యాయము లేదు. బిల్లు ఆయన పేర వచ్చును, తీగ వేడెక్కినచో కాలునది ఆయన యిల్లు. పట్నమున అద్దెకుండు వానికి చక్రముల మీద స్వామ్యమున్నను, రాత్రికి మేత పెట్టు చోటుపై స్వామ్యము లేదు. విద్యుత్ పంపిణీ సంస్థలో వాహనముల ఛార్జింగునకు ప్రత్యేక తరగతి కలదు. ఇంటి యజమాని సమ్మతితో ఆ తరగతి క్రింద వేరు మీటరు పెట్టించి, విడిగా లావు తీగ, ఎర్తు వేయించిన పిమ్మటనే మా వానికి నిద్ర పట్టినది. కావున అద్దె యింటివారు బండి బేరమునకు ముందు ఇంటి యజమానితో మాట ముగించి, దానిని కాగితము మీద వ్రాయించుకొనవలెను.

ఇప్పుడు అంకెలకు వత్తము. ఇవి ఉజ్జాయింపు లెక్కలు. ఎవరి ధరలు వారు వేసికొనవచ్చును. రోజునకు 80 కిలోమీటర్ల తిరుగుడు అనుకొందము. డీజిలు బండి లీటరునకు 15 కిలోమీటర్లు ఇచ్చినచో, లీటరు 95 రూపాయల చొప్పున రోజునకు 507 రూపాయలు. విద్యుద్బండి నష్టముతో కలిపి 20 యూనిట్లు తినునని, యూనిటు 8 రూపాయలని అనుకొన్నను 160 రూపాయలు. భేదము 347. ఏటికి 300 పనిదినములకు లక్షా నాలుగు వేల పైచిలుకు మిగులు. విద్యుద్బండి ధర డీజిలు బండికంటె నాలుగు లక్షలు అధికమైనచో, ఆ అధికము తీరుటకు వడ్డీ గాక దాదాపు నాలుగేండ్లు, వడ్డీతో అయిదేండ్లు పట్టును. రోజునకు 80 గాక 40 కిలోమీటర్లే తిరుగువానికి ఆ కాలము రెట్టింపగును. అనగా ఈ బండి ఊరక నిలిచినచో నష్టము, ఓపికను మించి పరుగెత్తజాలదు. ప్రతిదినమును మితముగా తిరుగవలెను.

ప్రభుత్వపు సాయము కొంత కలదు. విద్యుత్ రవాణా బండ్లకు పర్మిటు అక్కరలేదని కేంద్ర ప్రభుత్వము 2018లో ప్రకటించెను. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు విద్యుద్వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మినహాయించెను. ఇవి మంచివే. కాని మినహాయింపు కొన్ననాడు ఒక్కసారి కలుగును. వాయిదా నెలనెలా వచ్చును.

ఈ లెక్కలో కంటికి కనబడని పద్దు ఒకటి కలదు. నేనీ వేదిక యెక్కినది ముఖ్యముగా దానిని చెప్పుటకే. అది బ్యాటరీ అరుగుదల. ఇట్టి బండ్లలో తరచుగా వాడునది ఇనుప ఫాస్ఫేటు కలిసిన లిథియం బ్యాటరీ. అమెరికాలోని టెక్సాసు విశ్వవిద్యాలయమున గుడినఫ్ అను పండితుని బృందము 1997లో ఆ పదార్థపు గుణమును లోకమునకు తెలిపెను. లిథియం బ్యాటరీల కృషికి ఆయనకు 2019లో మరి యిరువురితో కలిసి నోబెలు బహుమానము లభించినది. ఈ జాతి బ్యాటరీ వేడికి ఓర్చును, చాల కాలము మన్నును. అయినను ఏటేట దాని పట్టు కొంత తగ్గుచునే యుండును. డీజిలు బండి ప్రతి ఉదయము తన కూలి అడుగును. విద్యుద్బండి ఏండ్ల తరబడి మౌనముగా నుండి, ఒకనాడు ఆ కూలినంతయు ఒక్కసారిగా అడుగును. రోజు మిగిలిన 347 రూపాయలను లాభమని తినివేసినవాడు ఆనాడు మరల తాకట్టు దుకాణమునకు పోవలసివచ్చును.

అందుచేత మా వానికి నేను పెట్టిన నియమమొక్కటే. బండి తిరిగిన ప్రతి దినమున నూరు రూపాయలు వేరు ఖాతాలో వేయవలెను. ఏటికి 30 వేలు, ఎనిమిదేండ్లకు 2 లక్షల 40 వేలు. ఆ సొమ్ము పెండ్లికి గాదు, పండుగకు గాదు; అది బ్యాటరీ సొమ్ము. బ్యాటరీ హామీ పత్రములో ఎన్ని యేండ్లు, ఎన్ని కిలోమీటర్లు వ్రాసిరో కొనుటకు ముందే చదువవలెను. హామీకాలము ముగియుటకు ముందే అప్పు తీరునట్లు వాయిదాలు కట్టుకొనవలెను.

ఇక భారతము. అరణ్యపర్వములోని నలోపాఖ్యానమును మీరు విన్నవారే. రాజ్యము కోలుపోయిన నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణుని సారథియై, విదర్భకు రథము తోలుచున్నాడు. దారిలో రాజు ఉత్తరీయము జారిపడెను. నిలుపుమని రాజు అనునంతలో రథము ఆమడ దూరము దాటిపోయెను. నలునికి తెలిసినది అశ్వహృదయము. పిమ్మట ఋతుపర్ణుడు తాండ్రచెట్టును చూచి దాని ఆకులు, కాయలు ఎన్నియో చెప్పెను. రాజునకు తెలిసినది అక్షహృదయము, సంఖ్యాశాస్త్రము. ఒకరి విద్య నొకరు మార్చుకొనిరి. నలుని విడువక పట్టియున్న కలి అతనికి అక్షహృదయము తెలిసిన క్షణముననే వెడలిపోయెను. నలుడు పూర్వమే గుఱ్ఱముల నెరిగిన మేటి సారథి. ఆ విద్య యొక్కటియే అతనిని కలినుండి విడిపింపలేదు. విడిపించినది లెక్క. మన కాలమున ఆ కలికి అప్పు అని పేరు.

మన ఊరి మాట యేమి? 1999లో ఆరంభమైన రైతుబజార్ల వ్యవస్థ వలన మన కూరగాయలు సరూర్‌నగరు వరకు నేరుగా పోవుచున్నవి. మన ఊరినుండి ఎల్బీ నగరు కూడలికి 45 కిలోమీటర్లు. పోను రాను 90, బజారు చేరుటకు మరికొంత. నూరు కిలోమీటర్ల బండికి ఈ దారి అంచున నడక వంటిది. బజారులో అమ్మకము సాగు నాలుగైదు గంటలలో అచ్చటనే ఛార్జింగు పెట్టు చోటు కుదిరినచో బండి సుఖముగా తిరిగివచ్చును. కుదరనిచో ప్రతిదినమును గుండె దడయే. బజారుల చోటును స్థిరమని నమ్మరాదు. కొత్తపేట పండ్లమార్కెట్టును 2021లో మూసి, విజయవాడ దారిలోని బాటసింగారమునకు తరలించిరి. డీజిలు బండివాడు రెండు లీటర్లు అధికముగా పోయించుకొని ఆ దూరమును దాటగలడు. విద్యుద్బండివాని దూరము కొన్ననాడే నిర్ణయమైనది.

కావున యువకులకు నా సలహా యిది. మూడిండ్లు మూడు బండ్లకు తాకట్టు పడవలదు. మొదట మువ్వురును కలిసి ఒక్క బండిని నెలరోజులు అద్దెకు నడుపుడు. పోవునపుడు కూరగాయలు, వచ్చునపుడు మన దుకాణములకు కిరాణా సరకు వేసికొనుడు. ఖాళీగా తిరిగివచ్చు బండి ఏ యింధనముతో నడచినను నష్టమే. నెల లెక్కలో వాయిదాయు, నూరు రూపాయల బ్యాటరీ సొమ్మును, ముగ్గురి కూలియు పోను మిగులు కనబడినచో ఒక్క బండి కొనుడు. మిగులు కనబడనిచో ఒక నెల అద్దె మాత్రమే పోయినట్లు. భూమి నిలిచియుండును. బండికి బండినే పూచీగా అంగీకరించు అప్పును ముందు వెదకుడు. అర యెకరమును ఆ కాగితమునకు దూరముగా నుంచుడు.

గ్రంథాలయ కార్యవర్గమునకు నాదొక విన్నపము. పఠనమందిరపు బల్లపై ఒక చిట్టా పుస్తకము నుంచుడు. బండి నడిపినవారు ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు పోయిరో, ఎన్ని యూనిట్లు పట్టినవో, ఎంత బరువు వేసిరో, ఎంత రాబడి వచ్చెనో అందులో వ్రాయుదురు గాక. తరువాత కొనదలచినవాడు అమ్మువాని మాటను గాక, ఆ పుస్తకమును చదువుకొని నిర్ణయించుకొనును. తప్పొప్పులు సరిచూచు పని నేను చేసెదను. ఇరువదియైదేండ్లుగా ఇతరులు వ్రాసిన పుస్తకములను మనకందించిన గ్రంథాలయములో మన చేతివ్రాతతో ఒక పుస్తకముండుట ఈ రజతోత్సవమునకు తగిన కానుక యని నా నమ్మకము.